ఫోనే కన్ను... ఫోనే చెవి!

ఇంట్లో ఓ పాత కంప్యూటరు. కెమెరా లేదు, ఉన్నా మసకే. చేతిలోనేమో నీటి తుంపరని కూడా వదలకుండా పట్టేసే ఫోను! ఈ రెండింటికీ స్నేహం కుదిర్చితే? లినక్స్ ఉన్న కంప్యూటర్లో ఆ పని కొత్తగా ఏమీ కొనకుండానే అయిపోతుంది. కాకపోతే మధ్యలో ఒక చిన్న ‘ఎత్తిపోత’ ఉంది.

పల్నాడు జిల్లా మాచర్ల మండలంలో తాళ్లపల్లె దగ్గర చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు కలిసి 70 అడుగుల పైనుంచి ఒక్కసారిగా కిందికి దూకుతాయి. అదే ఎత్తిపోతల. నాగార్జునసాగర్ చూడ్డానికి వెళ్లినవాళ్లు పనిలోపనిగా పదకొండు కిలోమీటర్లు వచ్చి దీన్నీ చూసి వెళ్తుంటారు. పూర్వం యతులు తపస్సు చేసిన చోటు కాబట్టి ‘యతి తపో తలం’ అన్న మాటే ఎత్తిపోతల అయిందని చెబుతారు. వినేవాళ్లకి మాత్రం ముందు తట్టేది ఆ రెండు మాటలే... ఎత్తడం, పోయడం!

జలపాతం ముందు నిలబడ్డవాళ్లలో ఫోను తీయనివాళ్లు ఎవరుంటారు? దూకే నీళ్లు, లేచే తుంపర, కింద మడుగు... అన్నీ ఫోన్లో అద్దంలో చూసినట్టే పడతాయి. అదే కుటుంబం ఇంటికెళ్లి కంప్యూటరు ముందు కూర్చుని అమెరికాలో ఉన్న అమ్మాయికి వీడియో కాల్ చేసిందనుకోండి.

‘అమ్మా, చీకట్లో కూర్చున్నావా?’

‘లైటు వేసుకునే కూర్చున్నానే!’

‘మరి మొహం కనపడట్లేదు. మాట కూడా బావిలోంచి వస్తున్నట్టుంది.’

ఇందులో అమ్మ తప్పేం లేదు. ల్యాప్‌టాప్ మూత మందం చాలా తక్కువ. అందులో ఇరికించిన కెమెరా మిరియపు గింజంత. పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉన్నది 1280 చుక్కల వెడల్పు, 720 చుక్కల ఎత్తు బొమ్మనిచ్చే కెమెరానే... అంటే మొత్తం సుమారు 9 లక్షల 20 వేల చుక్కలు. ఈరోజుల్లో సాధారణ ఫోను కూడా ఒక్క ఫొటోకి కోటికి పైగా చుక్కలు పడుతుంది. డెస్క్‌టాప్‌ల సంగతి ఇక చెప్పక్కర్లేదు, చాలావాటికి అసలు కెమెరానే ఉండదు.

‘అలాంటప్పుడు ఫోన్లోనే మాట్లాడేస్తే పోలా?’ అనిపిస్తుంది. కబుర్లకైతే ఫోనే చాలు. చిక్కల్లా అంతకు మించిన పని పడ్డప్పుడే. డిగ్రీ పూర్తిచేసిన అబ్బాయికి రేపు పది గంటలకి ఉద్యోగం ఇంటర్వ్యూ. తెరమీద ప్రోగ్రాం రాసి చూపించమంటారు. లేదూ, లెక్కల మాస్టారు ఆన్‌లైన్లో పాఠం చెప్పాలి. బొమ్మలు గీస్తూ, పిల్లల మొహాలు చూస్తూ మాట్లాడాలి. ఆరంగుళాల తెరమీద ఇవన్నీ కుదిరేవి కావు. పెద్ద తెర కంప్యూటరుది కావాలి, కన్నూ చెవీ ఫోనువి కావాలి.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఈ అవసరం ఒక్కసారిగా అందరికీ వచ్చిపడింది. బడి, ఆఫీసు, పెళ్లిచూపులు అన్నీ తెరమీదికే వచ్చేసరికి ప్రపంచమంతటా వెబ్‌క్యామ్‌లకు కరవొచ్చింది. దొరికినచోట ధర మండిపోయింది. ఇప్పుడు మరో కారణం తోడైంది. విండోస్ 10కి మామూలు మద్దతును మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ముగించింది. విండోస్ 11 వేసుకుందామంటే పాత ప్రాసెసర్లున్న కంప్యూటర్లు పనికిరావంటుంది. బాగా పనిచేస్తున్న యంత్రాన్ని పాత సామాన్లవాడికి వెయ్యడానికి మనసొప్పక దానికి లినక్స్ ఎక్కించుకుంటున్న ఇళ్లున్నాయి. ఉచితం, తేలిక, పాత యంత్రం మీదా పరుగెడుతుంది. అంతా బాగానే ఉన్నా, వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే... ‘మరి కెమెరా పనిచేస్తుందా?’

కాఫీ గిన్నెతో మొదలు!

అసలు వెబ్‌క్యామ్ అన్నది పుట్టిందే కాఫీ కోసం. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబులో ట్రోజన్ రూమ్ అనే గది బయట ఒక కాఫీ పాత్ర ఉండేది. పై అంతస్తుల్లో పనిచేసేవాళ్లు మెట్లు దిగొచ్చేసరికి అది ఖాళీ! ఈ బాధ పడలేక 1991లో అక్కడి పరిశోధకులు దాని ఎదురుగా ఓ కెమెరా పెట్టి, బొమ్మని తమ కంప్యూటర్లకు అందేలా చేసుకున్నారు. బొమ్మ సైజు 128 చుక్కల వెడల్పు, 128 చుక్కల ఎత్తు, అదీ నలుపు తెలుపుల్లో. పాత్రలో కాఫీ ఉందో లేదో తెలియడానికి అది చాలు మరి. 1993లో దాన్ని ఇంటర్నెట్‌కి ఎక్కించాక ప్రపంచమంతా ఆ పాత్రని చూడ్డం మొదలెట్టింది. 2001లో కెమెరా ఆపేశారు. ఆ పాత్రని వేలం వేస్తే 3,350 పౌండ్లు పలికింది!

చిత్రం ఏంటంటే, ఫిన్లండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు లినక్స్ రాసి బయటపెట్టింది కూడా 1991లోనే. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండింటికీ చాలాకాలం పొసగలేదు. కెమెరాలు చేసే కంపెనీలు విండోస్‌కి మాత్రమే డ్రైవర్లు ఇచ్చేవి. డ్రైవరంటే కెమెరా భాషని కంప్యూటరుకి చెప్పే దుబాసీ లాంటిది. లినక్స్ వాడేవాళ్లకి దుబాసీని ఇచ్చే నాథుడు లేడు. అప్పుడు ఆ పని నెత్తినేసుకున్నవాడు ఫ్రాన్సులో ఓ వైద్యుడు... మిషెల్ గ్జార్. వృత్తి డాక్టరీ, ఖాళీ దొరికితే డ్రైవర్లు! 2007 నాటికి ఆయన రాసిన డ్రైవరు 235 రకాల వెబ్‌క్యామ్‌లని లినక్స్ మీద పనిచేయించింది. అంత పని సాధారణంగా ఓ కంపెనీ, దాని ఇంజినీర్ల బృందం చేస్తాయి.

ఈలోగా కంపెనీలన్నీ కలిసి యూఎస్‌బీ కెమెరాలన్నీ ఒకే భాష మాట్లాడాలని 2003లో ఓ ఒప్పందానికి వచ్చాయి. దాని పేరు ‘యూఎస్‌బీ వీడియో క్లాస్’, పొట్టిగా యూవీసీ. ఆ భాష తెలిసిన డ్రైవరు 2008లో లినక్స్ గుండెకాయలాంటి కెర్నెల్‌లోకే చేరిపోయింది. అప్పట్నుంచీ మామూలు వెబ్‌క్యామ్ కొని లినక్స్ కంప్యూటరుకి గుచ్చితే ఏ సీడీ అక్కర్లేకుండా పనిచేస్తోంది. ‘లినక్స్‌లో కెమెరా పనిచెయ్యదట’ అన్న మాట ఆ పాత రోజుల నాటిది. ఇంకా తిరుగుతూనే ఉంది.

మన దగ్గరా లినక్స్ కొత్తేమీ కాదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ని తయారుచేసి ఇంజినీరింగ్ కాలేజీల్లో, బడుల్లో ప్రచారం చేసింది. పక్కన కేరళలోనైతే ప్రభుత్వ బడుల కంప్యూటర్లలో నడిచేది లినక్సే.

ఇద్దరూ ఒక ఇంటివాళ్లే, అయినా...

మరి ఫోనుతో ఏంటి తంటా? లినక్స్‌లో ఏ పరికరమైనా ఒక ఫైలులాగే కనిపిస్తుంది. కెమెరా తగిలిస్తే ‘వీడియో సున్నా’ అని ఓ ఫైలు ప్రత్యక్షమవుతుంది. మీటింగ్ పెట్టే బ్రౌజరు ‘కెమెరా ఎక్కడ?’ అని వెదికేది ఆ ఫైలు కోసమే. ఫోనుని గుచ్చినప్పుడు మాత్రం అది ‘నేను కెమెరాని’ అని చెప్పదు. ‘నాకు చార్జింగ్ పెట్టు’ అంటుంది, లేదా ‘నా దగ్గర ఫొటోలున్నాయి, కాపీ చేసుకో’ అంటుంది. అంతే! ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే. ఒకే వంశంవాళ్లు ఎదురుపడి పలకరించుకోకుండా వెళ్లిపోతున్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఆపిల్ తన ఐఫోనునీ మ్యాక్‌నీ 2022లో ఈ విషయంలో కలిపింది. మైక్రోసాఫ్ట్ 2024లో విండోస్ 11కీ ఆండ్రాయిడ్‌కీ చుట్టరికం కలిపింది. లినక్స్ వాళ్లని పిలిచి వడ్డించినవాళ్లు ఎవరూ లేరు. వాళ్లే వండుకున్నారు.

వాళ్లు కనిపెట్టిన కిటుకు పేరు ‘వీ4ఎల్2 లూప్‌బ్యాక్’. నోరు తిరగని పేరేగానీ చేసే పని చాలా సాదా. కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి కెమెరాని పుట్టిస్తుంది. దానికి గాజు లేదు, లెన్సు లేదు. కాలవలాంటిది. ఈ చివర ఒక ప్రోగ్రాం బొమ్మల్ని పోస్తే ఆ చివర మీటింగ్ బ్రౌజరు తోడుకుంటుంది. తోడుకునేవాడికి అది అసలు కెమెరానా కాదా అన్న అనుమానమే రాదు. ఇక మిగిలిందల్లా ఫోనులోని బొమ్మని ఎత్తి ఇందులో పోసేవాళ్లు. అదే మనం చెప్పుకున్న ఎత్తిపోత!

ముందు ఇది చూసుకోండి

ఆ ఎత్తిపోత జోలికి పోకముందే ఒక పరీక్ష చెయ్యాలి. ఫోనుని యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకి కలిపి, పైనుంచి నోటిఫికేషన్ల తెర కిందికి లాగండి. ‘యూఎస్‌బీ ద్వారా చార్జింగ్’ అన్నచోట నొక్కితే కొన్ని ఎంపికలు వస్తాయి. వాటిలో ‘వెబ్‌క్యామ్’ అని ఉందా? ఉంటే సగం కాదు, ముప్పాతిక పని అయిపోయినట్టే. గూగుల్ 2023 డిసెంబరులో ఆండ్రాయిడ్ 14కి ఇచ్చిన అప్‌డేట్‌తో తన పిక్సెల్ ఫోన్లకి ఈ సౌకర్యం కల్పించింది. ఇంకొన్ని కంపెనీల ఫోన్లలోనూ ఉంటోంది. దాన్ని ఎంచుకోగానే ఫోను యూవీసీ భాషలో ‘నేను కెమెరాని’ అని పలుకుతుంది. లినక్స్‌కి ఆ భాష 2008 నుంచే వచ్చు కదా, వెంటనే గుర్తుపడుతుంది. యాప్ అక్కర్లేదు, ఉత్తుత్తి కెమెరా అక్కర్లేదు.

తీగ విషయంలో చాలామంది దెబ్బతింటారు. బజార్లో చవగ్గా దొరికే కొన్ని తీగల్లో చార్జింగ్‌కి పనికొచ్చే పోగులే ఉంటాయి, సమాచారం మోసేవి ఉండవు. ఎంత గుచ్చినా కంప్యూటర్లో ఫోను కనపడకపోతే, లినక్స్‌ని తిట్టుకునేముందు ఒకసారి తీగ మార్చి చూడాలి.

లేదంటే రెండు దారులు

మీ ఫోన్లో ఆ ఎంపిక లేదనుకోండి. అప్పుడు బాగా నలిగిన దారి ‘డ్రాయిడ్‌క్యామ్’. ఇది జంట ప్రోగ్రాం. ఒకటి ఫోన్లో వేసుకోవాలి, రెండోది కంప్యూటర్లో. రెండూ ఒకే వైఫై మీద ఉంటే చాలు... ఫోను తెరమీద కొన్ని అంకెల చిరునామా కనిపిస్తుంది, దాన్ని కంప్యూటర్లో కొట్టి ‘కనెక్ట్’ నొక్కడమే. మామూలు వాడకానికి ఉచితం, ఎక్కువ హంగులు కావాలంటే డబ్బు కట్టాలి. ఐఫోనుకీ దొరుకుతుంది. ఇంట్లో కంప్యూటరు తెలిసినవాళ్లు లేకపోతే ఇదే సుఖం.

రెండోది కాస్త నేర్పు అడుగుతుంది, ఫలితం మాత్రం బ్రహ్మాండం. దీని పేరుని ఇంగ్లిషులో ఎస్, సీ, ఆర్, సీ, పీ, వై అని రాస్తారు. ‘స్క్రీన్ కాపీ’ అన్న మాటల్ని కుదించి పెట్టిన పేరది. ఫ్రాన్సులో జెనీమొబైల్ అనే కంపెనీలో పనిచేసే రొమైన్ విమోంట్ 2018లో దీన్ని బయటపెట్టాడు. (లినక్స్ కెమెరాలకీ ఫ్రాన్సుకీ ఏదో రుణానుబంధం ఉన్నట్టుంది.) మొదట్లో ఫోను తెరని కంప్యూటరు మీద చూపించడమే దీని పని. 2021లో ఆ బొమ్మని ఉత్తుత్తి కెమెరాలోకి పోయడం నేర్చింది. 2023లో ముందు ఫోను శబ్దాన్నీ, తర్వాత నేరుగా కెమెరా బొమ్మనీ తెచ్చివ్వడం మొదలెట్టింది. ఫోన్లో ఏ యాప్ వేసుకోనక్కర్లేదు, ప్రకటనలు లేవు, ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. ఆలస్యమూ తక్కువే... సెకనులో పదోవంతుకన్నా ముందే బొమ్మ కంప్యూటరు చేరుతుంది. కెమెరా కోసం ఫోన్లో ఆండ్రాయిడ్ 12 లేదా ఆ పైది ఉండాలి. మైకుకైతే 11 చాలు.

ఇందుకు ఫోన్లో ‘యూఎస్‌బీ డీబగ్గింగ్’ అనే మీటని వెయ్యాలి. ఆ మీట మామూలుగా కనపడదు. సెట్టింగ్స్‌లో ఫోను వివరాలున్న చోట ‘బిల్డ్ నంబర్’ అని ఉంటుంది, దానిమీద వేలితో ఏడుసార్లు తట్టాలి. ఏడోసారికి ‘ఇప్పుడు మీరు డెవలపర్ అయ్యారు’ అంటుంది ఫోను! అంత తేలిగ్గా అయిపోతే కోచింగ్ సెంటర్లకి అన్నేసి వేలు కట్టడమెందుకో. ఆ తర్వాత కంప్యూటర్లో టెర్మినల్ తెరిచి ఒక్క వరుస కొట్టాలి. వీడియో కెమెరా నుంచి తీసుకో, తెచ్చి ఫలానా ఉత్తుత్తి కెమెరాలో పొయ్యి... ఆ వరుస చెప్పేది అంతే. ఒకసారి రాసిపెట్టుకుంటే ప్రతిసారీ అదే.

ఒక జాగ్రత్త. ఉబుంటులాంటి వాటి సొంత సాఫ్ట్‌వేర్ గోదాములోంచి దీన్ని దింపుకుంటే పాత రూపం వచ్చే అవకాశం ఉంది. కెమెరా సౌకర్యం 2.2 నుంచే కాబట్టి, అంకె చూసుకుని అవసరమైతే తయారీదారుల దగ్గర్నుంచే కొత్తది తెచ్చుకోవాలి.

నీలి తెర కంగారు

చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే. ఉత్తుత్తి కెమెరా అన్నది కెర్నెల్‌లో చేరే ముక్క. కంప్యూటర్లో ‘సెక్యూర్ బూట్’ అనే కాపలా ఉంటే, సంతకం లేని ముక్కని అది లోపలికి రానివ్వదు. అందుకే ఉబుంటులో దీన్ని ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తోచిందేదో కొట్టి మర్చిపోతాం. కంప్యూటరు మళ్లీ ఆన్ చెయ్యగానే ఎప్పుడూ చూడని నీలిరంగు తెర వస్తుంది. అది చూసి హడలిపోయి, ఏదో పాడైందనుకుని ‘కంటిన్యూ’ నొక్కేస్తారు. అంతే, అవకాశం జారిపోతుంది. కెమెరా రాదు, ఎందుకు రాలేదో తెలీదు. ఆ తెరమీద ‘ఎన్‌రోల్’ అన్న వరుస ఎంచుకుని, ముందు పెట్టిన పాస్‌వర్డ్ కొడితే ఆ ముక్కకి గుర్తింపు కార్డు ఇచ్చినట్టు. ఒక్కసారి చేస్తే చాలు.

రెండో చిక్కు క్రోమ్ బ్రౌజరుతో. ఉత్తుత్తి కెమెరాకి రెండు చివరలు ఉంటాయని చెప్పుకున్నాం కదా. క్రోమ్‌కి ఆ రెండు నాలుకల ధోరణి నచ్చదు, ‘ఇది కెమెరా కాదు’ అని జాబితాలో చూపించడం మానేస్తుంది. కెమెరాని పుట్టించేటప్పుడే ‘ఎక్స్‌క్లూజివ్ క్యాప్స్’ అన్న మాట పక్కన ఒకటి అంకె వేస్తే, బొమ్మ పోస్తున్నంతసేపూ అది బుద్ధిగా కెమెరాలాగే మెలుగుతుంది. ‘ఫైర్‌ఫాక్స్‌లో కనపడుతోంది, క్రోమ్‌లో కనపడట్లేదు’ అన్న ఫిర్యాదు వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇంటర్వ్యూకో, ఆన్‌లైన్ పరీక్షకో వాడబోయేవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. పరీక్ష రాసేవాళ్లని కనిపెట్టుకుని ఉండే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఉత్తుత్తి కెమెరాలని ఒప్పుకోవు, మోసం కింద లెక్కేస్తాయి. అలాంటిచోట ముందురోజే నియమాలు చదువుకోవాలి. ఫోనులోని ‘వెబ్‌క్యామ్’ ఎంపికకి మాత్రం ఈ బెడద తక్కువ. కంప్యూటరు లెక్కలో అది నిఖార్సైన యూఎస్‌బీ కెమెరానే.

జలపాతం వినపడదేం?

బొమ్మ గురించి ఇంత తాపత్రయపడతాంగానీ, నిజానికి ఎక్కువ నష్టం చేసేది మాట. మొహం కాస్త మసగ్గా ఉంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు సర్దుకుంటారు. మాట అర్థంకాకపోతే? మూడోసారి ‘సారీ, మళ్లీ చెప్పండి’ అన్నాక అడిగేవాళ్లకీ విసుగే, చెప్పేవాళ్లకీ బెదురే. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మైకు కీబోర్డు పక్కనే ఉంటుంది. దానికి మన మాటకన్నా లోపలి ఫ్యాను రొద, మీటల టకటకలే దగ్గర.

ఫోను పుట్టిందే మాట కోసం. మామూలు ఫోన్లలోనూ రెండేసి మైకులుంటాయి. ఒకటి నోటి దగ్గర, ఇంకొకటి దూరంగా. రెండింటికీ వినిపించే తేడాని బట్టి ఏది మాటో, ఏది రొదో తేల్చి రొదని కోసేస్తుంది. ఎడతెరిపి లేకుండా ఒకేలా వినిపించేదేదైనా దాని దృష్టిలో రొదే. సీలింగ్ ఫ్యాను, కూలరు, వీధిలో జనరేటరు... అన్నీ పోతాయి. ఎత్తిపోతల ముందు నిలబడి అమెరికాలోని మనవడికి వీడియో కాల్‌లో జలపాతం చూపించబోయినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. తాతయ్య మాట వినిపిస్తుందిగానీ జలపాతం మూగదై పోతుంది. అంతెత్తు నుంచి పడే నీటి హోరు ఫోనుకి ఒక పెద్ద కూలరు శబ్దమే మరి!

స్క్రీన్ కాపీ ఇటీవలి రూపాల్లో దీనికీ ఒక ఏర్పాటుంది. మైకుని ఎలా వాడాలో మనమే చెప్పొచ్చు. సంభాషణకి తగ్గట్టు రొద తీసేసి ఇవ్వమనొచ్చు, లేదా ఏ కోతా పెట్టకుండా వినిపించింది వినిపించినట్టు పంపమనొచ్చు. ఇంటర్వ్యూకి మొదటిది. సంగీతం పాఠం చెప్పే టీచరుకి రెండోది. వీణ తీగ మీద నిలిచిన నాదాన్ని రొద అనుకుని కోసేస్తే ఇంకేం పాఠం?

మైకు శబ్దాన్ని కంప్యూటర్లోకి తేవడంలోనూ ఒక మెలిక ఉంది. ఫోను నుంచి వచ్చిన మాట మామూలుగా కంప్యూటరు స్పీకర్లలో మోగుతుంది. అలా వదిలేస్తే స్పీకరులోంచి వచ్చింది మళ్లీ ఫోను మైకులోకి వెళ్లి, పెళ్లి పందిట్లో మైకు సెట్టువాడు తడబడినప్పుడు వచ్చే ‘కుయ్’మనే కూత మొదలవుతుంది. అందుకని లినక్స్‌లో ఒక శబ్దం లేని స్పీకరుని పుట్టించి, మాటని అందులోకి మళ్లించాలి. లినక్స్‌లో ప్రతి స్పీకరుకీ ‘మానిటర్’ అని ఒక కొళాయి ఉంటుంది. మీటింగ్‌లో మైకు అడిగినచోట ఆ కొళాయిని చూపిస్తే సరి. కొన్ని బ్రౌజర్లు దాన్ని మైకుగా ఒప్పుకోవు, అప్పుడు దానికి మైకు వేషం వేసి చూపించాలి. అదీ సౌండ్ సెట్టింగుల్లో ఒక వరుస పనే. ఏ దారైనా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటే సగం బాధలు తీరతాయి.

ఇదంతా తలనొప్పి అనిపించినవాళ్లకి ఓ సులువైన కిటుకు. మీటింగ్‌లోకి రెండుసార్లు వెళ్లడమే! కంప్యూటరు నుంచి ఒకసారి మైకూ స్పీకరూ ఆపేసి, ఫోను నుంచి ఇంకోసారి మాట కోసం. జాబితాలో మీ పేరు రెండుసార్లు కనిపిస్తుంది, అంతకుమించి నష్టం లేదు. ఇంటర్వ్యూలో అయితే ముందే చెప్పి అనుమతి తీసుకోవడం మర్యాద.

రెంటచింతల ఎండల్లో...

ఫోను కెమెరా గంటసేపు ఆగకుండా నడిస్తే వేడెక్కుతుంది. తీగతో కలిపితే పక్కనే చార్జింగ్ కూడా ఎక్కుతుంటుంది కాబట్టి వేడి రెట్టింపు. ఆపిల్ తన ఐఫోన్లని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమంటుంది. అదే పల్నాడులో రెంటచింతల మే నెల ఎండలకి రాష్ట్రమంతటా పేరుమోసింది. అక్కడ 35 డిగ్రీలంటే చల్లగా ఉన్నట్టే లెక్క! వేసవిలో ఈ పని పెట్టుకునేవాళ్లు ఫోను వెనక ఉండే రబ్బరు కవరు తీసెయ్యాలి, ఫ్యాను గాలి తగిలేచోట పెట్టాలి. వెడల్పు 1920, ఎత్తు 1080 చుక్కలు మించి అడగొద్దు. మీటింగ్ యాప్‌లు ఎలాగూ బొమ్మని కుదించే పంపుతాయి, అంతకన్నా ఎక్కువ తీస్తే మిగిలేది వేడే.

ఫోనుని ఎక్కడ నిలబెట్టాలన్నది మరో సంగతి. స్టాండు కొనక్కర్లేదు. నాలుగు పుస్తకాలు దొంతరగా పేర్చి, తెర పైఅంచుకి కాస్త పైన, కళ్ల ఎత్తులో ఉండేలా ఆనిస్తే చాలు. కిటికీ వీపు వెనక కాకుండా ఎదురుగా ఉండాలి. ఫోను వెనక కెమెరానే వాడండి, ముందుదానికన్నా బాగుంటుంది. దాని గాజుని పంచె అంచుతోనో చీర కొంగుతోనో ఒకసారి తుడవాలి... వేలిముద్రల జిడ్డే సగం మసకకి కారణం.

భద్రత మాటా మరవకూడదు. వైఫై మీద బొమ్మ పంపే యాప్‌లలో కొన్ని ఒక చిరునామా ఇచ్చి ఊరుకుంటాయి, పాస్‌వర్డ్ అడగవు. అదే వైఫై మీద ఉన్న ఎవరైనా ఆ చిరునామా కొట్టి మీ గదిని చూడొచ్చు. సొంతిల్లయితే ఫర్వాలేదుగానీ హాస్టల్లో, లాడ్జిలో అయితే అందరూ ఒకే వైఫై కిందే కదా! అలాంటిచోట తీగే క్షేమం, లేదా పాస్‌వర్డ్ పెట్టుకునే వీలున్న యాప్ వాడాలి. యూఎస్‌బీ డీబగ్గింగ్ మీట వేసిన ఫోను కూడా అంతే. ‘ఈ కంప్యూటరుని నమ్మమంటారా?’ అని అడిగినప్పుడు సొంత కంప్యూటరుకే సరే అనాలి. పని కాగానే మీట ఆపెయ్యాలి. బస్టాండులో కనిపించిన చార్జింగ్ పాయింటుకి ఆ మీట వేసి ఉన్న ఫోను తగిలించడం తలుపు తీసి పెట్టి ఊరెళ్లడంలాంటిదే.

ఇంటర్వ్యూ రోజున ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. సరిగ్గా జవాబు చెబుతున్నప్పుడే ఫోను మోగుతుంది. ‘ఎలా జరుగుతోందిరా?’ అని గురజాల నుంచి మావయ్య! కాల్ రాగానే మైకు అటు వెళ్లిపోతుంది, కంప్యూటర్లో మాట ఆగిపోతుంది. వైఫై మీద నడుపుతుంటే సెట్టింగుల్లో ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టుకోవాలి. తీగ మీద నడుపుతుంటే ఆ బెంగ కూడా లేదు. ఫోనుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టేసినా బొమ్మా మాటా తీగలోంచి అలాగే వెళ్తుంటాయి. వాటికి సిమ్‌తో పనిలేదు.